హెచ్.ఐ.వి. రాకుండా వాడే మందులు: మానకుండా వాడుతున్నారని తెలిసేదెలా?



మన ఆసుపత్రికి వచ్చేవారు చాలామంది ఒక ప్రశ్న అడుగుతున్నారు. "చీటీ రాయించుకోవడానికి వస్తే ఊరు, ఇంటిపేరు, పుట్టిన సంవత్సరం, ఫోను నంబరు అన్నీ కంప్యూటరులోకి ఎక్కిస్తున్నారు. ఇదివరకు పేరు, వయసు చెబితే సరిపోయేది కదమ్మా" అని. కొందరు విసుగుతో అడుగుతారు. కొందరు భయంతో అడుగుతారు. భయంతో అడిగేవారిని దృష్టిలో పెట్టుకునే ఈ వ్యాసం రాస్తున్నాము. బి.పి.కి, షుగరుకు, టి.బి.కి కూడా ఈ వివరాలు పనికివస్తాయి. అయితే వీటి వల్ల మేలు ఎక్కువ, పొరపాటు జరిగితే కీడూ ఎక్కువ అయిన చోటు ఒకటున్నది. అది హెచ్.ఐ.వి. రాకుండా వాడే మందుల విషయం. అందుకని దాన్నే తీసుకుంటున్నాము.

మన రాష్ట్రంలో ఇది చిన్న సంగతి కాదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అంటే నాకో, 2021 సంవత్సరానికి వేసిన అంచనా ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3 లక్షల 21 వేల మంది హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నారు. దేశం మొత్తం మీద వయోజనుల్లో నూటికి 0.21 మందికి ఉంటే, మన రాష్ట్రంలో 0.67 మందికి ఉన్నది.

నివారణ మందు అంటే

జబ్బు వచ్చాక వాడే మందు అందరికీ తెలుసు. మన దేశంలో ఏ.ఆర్.టి. మందులు 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్నది. విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రిలో ఏ.ఆర్.టి. కేంద్రం ఉన్న సంగతి మన ప్రాంతంలో చాలామందికి తెలిసిందే. ఆ కుటుంబానికి చెందిన మందులనే జబ్బు రాకుండా కూడా వాడవచ్చు. అది నాలుగు రకాలుగా జరుగుతుంది.

మొదటిది మా నర్సులకు బాగా పరిచయమైనది. రోగికి వాడిన సూది పొరపాటున గుచ్చుకుంటే, వీలైతే 2 గంటల లోపల, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటలు దాటకుండా మందు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. లైంగిక దాడికి గురైనవారికీ ఇదే మందు. మొదటి వారం వికారం, తలనొప్పి ఉంటాయి. రోజులు గడిచి భయం తగ్గేకొద్దీ మాత్ర మీద శ్రద్ధ కూడా తగ్గడం మనిషి స్వభావం. 28 రోజులూ పూర్తి చేశారా లేదా అన్నది అడిగి తెలుసుకోవలసిందే.

రెండవది తల్లి నుంచి బిడ్డకు రాకుండా ఇచ్చేది. ఏ మందూ లేకపోతే నూటికి 15 నుంచి 45 మంది బిడ్డలకు తల్లి నుంచి వైరస్ సోకే ప్రమాదం ఉన్నది. తల్లి మందు సక్రమంగా వాడి, బిడ్డకూ మందు పడితే ఆ సంఖ్యను 5 కంటే తక్కువకు తీసుకురావచ్చు. 1994లో జిడోవుడిన్ మందుతో అమెరికా, ఫ్రాన్సులలో జరిగిన పరిశోధనలో ప్రమాదం మూడింట రెండు వంతులు తగ్గింది. 1999లో ఉగాండాలో, కాన్పు నొప్పుల సమయంలో తల్లికి ఒక్క నెవిరపిన్ మాత్ర, బిడ్డకు ఒక్క మోతాదు చుక్కల మందు ఇచ్చినా మేలు జరుగుతుందని తేలింది. ఒక్క మాత్ర కాబట్టి అప్పట్లో "మానేశారా, వాడుతున్నారా" అన్న బెంగ లేదు. లేబర్ రూములో సిస్టరు తన చేత్తో మింగిస్తే అయిపోయేది. 2014 నుంచి మన దేశంలో ప్రతి హెచ్.ఐ.వి. ఉన్న గర్భిణికీ మూడు మందుల చికిత్స మొదలుపెట్టి, జీవితాంతం కొనసాగిస్తున్నారు. బిడ్డకు పుట్టగానే మొదలుపెట్టిన సిరప్ 6 వారాలు, ప్రమాదం ఎక్కువగా ఉండి తల్లిపాలు తాగే బిడ్డకైతే రెండు మందులు 12 వారాలు పోయాలి. మందు మెరుగైనది. దానితోపాటు గుర్తుపెట్టుకోవలసిన తేదీలూ పెరిగాయి.

మూడవది ప్రెప్ అని పిలిచే ముందస్తు మందు. హెచ్.ఐ.వి. లేని వ్యక్తి, వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉన్నప్పుడు, రోజుకొక మాత్ర వేసుకోవడం. 2010లో వెలువడిన ఐప్రెక్స్ అనే పరిశోధనతో దీనికి బలం వచ్చింది. అమెరికాలో 2012లో అనుమతి లభించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సిఫారసు చేసింది. మన దేశంలో కోల్‌కతాలోని సోనాగాఛిలోనూ, మైసూరులోనూ సెక్స్ వర్కర్ల సంఘాలే ముందుకు వచ్చి దీనిని ప్రయోగాత్మకంగా నడిపి చూపించాయి. తరువాత 2022లో నాకో మార్గదర్శకాలు వెలువరించింది.

నాలుగవది, జబ్బు ఉన్నవారికి చికిత్స చేయడమే ఎదుటివారికి నివారణ కావడం. 2011లో ఫలితాలు వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో 1,763 జంటలు పాల్గొన్నాయి. వారిలో మన దేశంలోని పూణే, చెన్నై జంటలు కూడా ఉన్నాయి. జబ్బు ఉన్నవారికి వెంటనే మందు మొదలుపెట్టినప్పుడు, భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గింది.

నాలుగింటికీ షరతు ఒక్కటే. మందు సీసాలో కాదు, ఒంట్లో ఉండాలి.

అడిగితే చెబుతారు కదా?

చెబుతారు. ఏమి చెబుతారన్నదే ప్రశ్న. దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వే దేశాలలో 5,029 మంది స్త్రీలతో "వాయిస్" అనే పరిశోధన జరిగింది. వారి మాటను బట్టి, తిరిగి తెచ్చిన సీసాలను బట్టి చూస్తే నూటికి దాదాపు 90 వంతులు మందు వాడినట్టే కనిపించింది. రక్తం తీసి పరీక్ష చేస్తే మందు ఉన్న నమూనాలు నూటికి 30కి మించలేదు. సహజంగానే ఆ మందు అక్కడ పనిచేయలేదని ఫలితం వచ్చింది. మందు పనిచేయకపోవడం వేరు, మందు లోపలికి వెళ్లకపోవడం వేరు.

ఈ సంగతి చదివినప్పుడు వైద్యులు ఆశ్చర్యపోయి ఉండవచ్చు కానీ నర్సులకు ఆశ్చర్యం కలగదు. సిస్టరు సంతోషించే మాటే రోగి చెబుతాడు. ఆ స్త్రీలు అబద్ధాలకోరులని మేము అనడం లేదు. ఆ మాత్ర జబ్బు ఉన్నవారు వాడే మాత్ర లాగానే ఉంటుంది. సీసా అత్తగారి కంట పడితే "దీనికి ఆ జబ్బు ఉన్నది" అనుకుంటారు. ఆ భయం ఆఫ్రికాలో ఎంతో మన చోడవరం చుట్టుపక్కల ఊళ్లలోనూ అంతే. బియ్యం డబ్బాలో దాచిన మాత్ర ఉదయం పూట ఇంట్లో నలుగురూ ఉంటే తీయడం కుదరదు. సాయంత్రానికి మరచిపోతారు.

కాబట్టి మాటకు తోడు ఇంకొక ఆధారం కావాలి. అందరికీ, ప్రతిసారీ రక్తంలో మందు పాళ్లు చూసే పరీక్ష మనలాంటి చోట సాధ్యం కాదు. తేలికగా దొరికే ఆధారం ఒకటే: మందు ఏ తేదీన ఇచ్చాము, ఎన్ని మాత్రలు ఇచ్చాము, మళ్లీ ఏ తేదీన వచ్చారు.

రిజిస్టరు నుంచి కంప్యూటరుకు

ఈ లెక్క కొత్తది కాదు. పెద్ద అట్ట రిజిస్టరులో మేమందరం రాసినదే. ఏ.ఆర్.టి. కేంద్రాలలో రోగికి ఆకుపచ్చ పుస్తకం, కేంద్రంలో తెల్ల కార్డు ఉండేవి. రిజిస్టరు మంచిదే కానీ అది వచ్చినవారి పుస్తకం. వచ్చినవారి పేరు పక్కన సంతకం పడుతుంది. రానివారి పేరు పక్కన ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ ఎవరినీ పిలవదు. ఎవరో ఒకరు సాయంత్రం కూర్చుని, వెనక పేజీలు తిప్పి, ఖాళీలన్నీ ఏరితే తప్ప ఎవరు రాలేదో తెలియదు. వార్డులో ఇద్దరు సిస్టర్లు సెలవులో ఉన్న వారం ఆ పని ఎవరు చేస్తారు?

తప్పిపోయిన గొర్రె ఉపమానం మన సంఘాలలో పిల్లలకు కూడా తెలుసు. కాపరి ప్రేమ గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాము. నర్సుగా మాకు తోచే సంగతి మరొకటి: ఒకటి తగ్గిందని ఆ కాపరికి సాయంత్రమే ఎలా తెలిసింది? లెక్కపెట్టాడు కాబట్టి తెలిసింది.

కంప్యూటరు చేసేది ఆ లెక్కే. తేదీ, మాత్రల సంఖ్య ఎక్కిస్తే, ఫలానా రోజున మందు అయిపోతుందని అదే లెక్కగడుతుంది. ఆ రోజు దాటినా రాకపోతే పొద్దున్నే జాబితాలో పేరు చూపిస్తుంది. నాకో కూడా తన కేంద్రాలలో ఈ దారిలోనే నడిచింది. మొదట నెలవారీ మొత్తాలు మాత్రమే పంపే పద్ధతి ఉండేది. "ఈ నెల ఇంతమంది వచ్చారు" అని తెలిసేది కానీ ఎవరు రాలేదో పైవారికి తెలిసేది కాదు. 2020 తర్వాత "సోచ్" అనే వ్యవస్థ వచ్చింది. అందులో పరీక్ష నుంచి చికిత్స దాకా ఒక్కో మనిషిదీ ఒక్కో వరుస. ఒక కేంద్రం నుంచి మరొక కేంద్రానికి మారినా ఆ వరుస తెగిపోకుండా ఉండాలన్నది ఉద్దేశం.

లెక్క ఎలా వేస్తారు?

ఒక ఉదాహరణ చూద్దాము. మార్చి 1న ఒకరికి 30 మాత్రలు ఇచ్చాము. మార్చి 30తో అయిపోతాయి. ఆయన ఏప్రిల్ 10న వచ్చి మరో 30 తీసుకున్నారు. అవి మే 9తో అయిపోతాయి. మార్చి 1 నుంచి మే 9 వరకు 70 రోజులు. చేతికి అందినవి 60 మాత్రలు. అంటే నూటికి దాదాపు 86 వంతులు. "పరవాలేదు, మంచి మార్కులే" అనిపిస్తుంది.

ఇంకొకరిని చూద్దాము. ఆమె ప్రతి ఆదివారం మాత్ర మరచిపోతుంది. వారానికి 7 రోజులకు 6 మాత్రలు. అది కూడా నూటికి 86 వంతులే. అంకె ఒక్కటే అయినా ఇద్దరి పరిస్థితీ ఒక్కటి కాదు. ఆమె ఒంట్లో మందు ఎప్పుడూ కొంత ఉన్నది. ఆయనకు వరుసగా 10 రోజులు అసలు మందే లేదు. ఆ పది రోజులలోనే ప్రమాదం ఎదురైతే 86 మార్కులు అడ్డుపడవు.

అందుకే నూటికి ఎన్ని వంతులు అన్న అంకె ఒక్కటే చూడకూడదు. మధ్యలో ఎన్ని రోజుల ఖాళీ వచ్చిందో చూడాలి. అది చూసినా ఇంకొక చిక్కు ఉన్నది. ఆలస్యంగా వచ్చిన మనిషి ఆలస్యమైన రోజులన్నీ మందు లేకుండా ఉన్నాడా, లేక మధ్యమధ్య మరచిపోయిన మాత్రలు మిగిలి ఉంటే వాటితో నెట్టుకొచ్చాడా అన్నది తేదీలు చెప్పలేవు. అది సిస్టరు అడగవలసిన మాట. "మందు ఎందుకు మానేశారు?" అని కాదు. "పోయినసారి ఇచ్చినవాటిలో ఏమైనా మిగిలాయా?" అని. మొదటి ప్రశ్నకు మనిషి తల దించుకుంటాడు. రెండో ప్రశ్నకు లెక్క చెబుతాడు. మిగిలిన మాత్రల సంఖ్య ఎక్కించడానికి కంప్యూటరులో ఒక గడి ఉండాలి. ఆ గడి లేని ప్రోగ్రాము ఎంత ఖరీదైనదైనా ఈ పనికి సగమే పనికివస్తుందని మా అభిప్రాయం.

స్త్రీల విషయంలో ఇంకొక మాట చెప్పాలి. పురుషులలో జరిగిన పరిశోధనలలో వారానికి 4 మాత్రలు పడినా మంచి రక్షణ కనిపించింది. స్త్రీల శరీరంలో ఆ రక్షణకు దాదాపు ప్రతిరోజూ మాత్ర పడాలి. కాబట్టి ఒకే అంకెను ఇద్దరికీ ఒకే కొలబద్దగా పెట్టకూడదు.

పెద్ద రికార్డులు నేర్పిన పాఠం

అమెరికాలోని కాలిఫోర్నియాలో కైజర్ పర్మనెంటే అనే ఆరోగ్య సంస్థ ఉన్నది. డాక్టరు, లాబు, మందుల కొట్టు అన్నీ వారివే. అందువల్ల ఒక మనిషి పరీక్ష, చీటీ, మందు మూడూ ఒకే రికార్డులో ఉంటాయి. 2012 నుంచి 2019 మొదటి నెలల దాకా ప్రెప్ కోసం వచ్చిన 13,906 మంది రికార్డులను అక్కడి పరిశోధకులు పరిశీలించి 2021లో ప్రచురించారు. మందు మొదలుపెట్టినవారిలో సగానికి పైగా, నూటికి 52 మంది, ఏదో ఒక సమయంలో మానేశారు. అలా మానేసినవారిలో నూటికి 60 మంది మళ్లీ మొదలుపెట్టారు. మానకుండా వాడినవారిలో ఒక్కరికి కూడా హెచ్.ఐ.వి. రాలేదు. అందరికంటే ఎక్కువగా సోకింది మానేసి మళ్లీ రానివారికి.

ఈ ఫలితాన్ని రెండుసార్లు చదవాలి. మానేయడం అరుదైన అపరాధం కాదు, సగంమంది చేసే పని. ప్రమాదం మానేయడంలో కంటే తిరిగి రాకపోవడంలో ఎక్కువగా ఉన్నది. అందువల్ల జాబితాలో పేరు కనిపించినప్పుడు మనం చేయవలసింది మందలింపు కాదు. మళ్లీ రావడానికి సిగ్గుపడకుండా దారి తెరచి ఉంచడం.

అంత దూరం ఎందుకు, మన రాష్ట్రంలోనే అనంతపురం ప్రాంతంలో బత్తలపల్లి ఆసుపత్రి ఉన్నది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ గారు మొదలుపెట్టిన ఆర్.డి.టి. సంస్థ దాన్ని నడుపుతున్నది. పల్లెల నుంచి వచ్చే హెచ్.ఐ.వి. రోగుల వివరాలను అక్కడ క్రమపద్ధతిలో భద్రపరచి, వాటి ఆధారంగా ఎన్నో పరిశోధనా వ్యాసాలు ప్రచురించారు. పరీక్ష దగ్గర మొదలై చికిత్సలో నిలబడేదాకా ఏ మెట్టు దగ్గర ఎంతమంది జారిపోతున్నారో 2013లో వెలువడిన ఒక వ్యాసంలో వివరించారు. కరువు సీమలోని పల్లె ఆసుపత్రి చేయగలిగిన పని ఇతర పల్లెల్లో చేయలేమని ఎవరూ అనకూడదు.

మన ప్రాంతంలో వచ్చే చిక్కులు

కాలిఫోర్నియాలో అన్నీ ఒక కప్పు కింద ఉన్నాయి. మన దగ్గర పరీక్ష ఒక చోట, మందు మరొక చోట, కాన్పు ఇంకొక చోట. రికార్డు తెగిపోయేది ఆ అతుకుల దగ్గరే.

మొదటి కాన్పుకు పుట్టింటికి వెళ్లడం మన ఆచారం. దేవరాపల్లి కోడలు ఏడో నెలలో కె.కోటపాడు వైపో, మాడుగుల వైపో, ఇంకా దూరం విజయనగరం వైపో పుట్టింటికి వెళ్తుంది. ఇక్కడి జాబితాలో ఆమె "రాలేదు". అక్కడి జాబితాలో ఆమె "కొత్త మనిషి". నిజానికి మందు ఒక్కరోజు కూడా మానకపోయి ఉండవచ్చు. లేదా రెండు చోట్లకూ మధ్య ఇరవై రోజులు జారిపోయి ఉండవచ్చు. రెండు చోట్లా ఒకే నంబరు ఉంటే తప్ప ఏది నిజమో కంప్యూటరుకు తెలియదు.

బిడ్డ విషయం ఇంతకంటే కష్టం. పుట్టిన రోజున బిడ్డకు పేరు ఉండదు. తల్లి పేరుతో "ఫలానా వారి బిడ్డ" అని ఎక్కిస్తారు. 6 వారాలకు మొదటి రక్తపరీక్ష చేయించాలి. కాలి మడమ నుంచి తీసిన చుక్కలను కాగితం మీద ఆరబెట్టి పంపే పరీక్ష అది. తరువాత 6 నెలలకు, 12 నెలలకు, చివరిగా 18 నెలలకు పరీక్షలు ఉంటాయి. ఆరో నెలకు వచ్చేసరికి బిడ్డకు పేరు పెట్టి ఉంటారు. కొందరికి ప్రతిష్ఠ జరిగి బైబిలు పేరు వచ్చి ఉంటుంది. ఆ పేరుతో కొత్త చీటీ రాస్తే, కంప్యూటరులో ఇద్దరు పిల్లలవుతారు. ఒకరు పుట్టాక మళ్లీ కనిపించని బిడ్డ. ఇంకొకరు మందు ఎప్పుడు పడిందో తెలియని బిడ్డ. తల్లి నంబరుకు బిడ్డ నంబరును పుట్టిన రోజునే కట్టివేస్తే ఈ చిక్కు చాలావరకు పోతుంది. అందుకే కాన్పు వార్డులో సిస్టర్లు డిశ్చార్జి కాగితం ఇచ్చేముందు అంతసేపు టైపు చేస్తారు. దయచేసి విసుక్కోకండి.

పెద్దవారి పేర్లూ తక్కువేమీ కాదు. మన ఊళ్లలో అప్పలరాజులు, నూకరాజులు, పైడితల్లిలు వీధికి ముగ్గురు. అప్పలనరసమ్మను ఒక సిస్టరు ఒకే మాటగా, ఇంకొకరు విడదీసి, మూడో వారు నర్సమ్మ అని ఎక్కిస్తారు. ఆధారు కార్డులో నూకాలమ్మ, సంఘంలో మరియమ్మ అయిన అక్కలు మన పాఠకులలోనే ఎంతమందో. వయసు అడిగితే "ముప్పై, ముప్పై అయిదు ఉంటాయమ్మా" అంటారు. చివరికి ఊరు పేరు కూడా! దేవరాపల్లి అని కొడితే తూర్పు గోదావరి జిల్లాలోని దేవరపల్లి కూడా కిందనే కనిపిస్తుంది. ఒక వేలు జారితే మనిషి గోదావరి ఒడ్డున తేలుతాడు. పైగా 2022 ఏప్రిల్‌లో మన మండలం విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. పాత రికార్డులో ఒక జిల్లా, కొత్త రికార్డులో ఇంకొక జిల్లా.

ఇవన్నీ చిన్న సంగతులుగా కనిపిస్తాయి. ఒక మనిషి రెండుగా నమోదైతే, అందులో ఒకరు తప్పకుండా "మందు మానేసినవారి" జాబితాలో చేరతారు. ఆ జాబితా పట్టుకుని ఇల్లు వెదుక్కుంటూ ఎవరైనా వెళితే జరిగే నష్టం చిన్నది కాదు.

మానేశారా, అవసరం తీరిందా?

కంప్యూటరుకు తెలియని ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. భర్తకు హెచ్.ఐ.వి. ఉండి భార్యకు లేని దంపతులను తీసుకోండి. భర్త చికిత్స మొదలుపెట్టిన తొలి నెలల్లో ఆయన ఒంట్లో వైరస్ ఇంకా తగ్గి ఉండదు. ఆ మధ్యకాలంలో భార్య ముందస్తు మందు వాడితే ఆమెకు రక్షణ. కెన్యా, ఉగాండాలలో 1,013 జంటలతో ఇలాగే చేశారు. భర్త గానీ భార్య గానీ ఆరు నెలలు చికిత్సలో నిలబడేదాకా రెండో వారికి ముందస్తు మందు ఇచ్చి, తరువాత ఆపారు. సోకడం 96 శాతం తగ్గింది. ఏరు దాటేదాకా తెప్ప, తరువాత తెప్ప అక్కరలేదు.

అలాంటి భార్య ఏడవ నెలలో మందుకు రాకపోతే కంప్యూటరు ఎర్ర అక్షరాలతో "మానేసింది" అని చూపిస్తుంది. నిజానికి ఆమె పని సక్రమంగా ముగించింది. అయితే ఇది ఆమె నిర్ణయం ఒక్కటే కాకూడదు. భర్తకు వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనిపించడం లేదని తేలాలి, ఆయన మందు ఆపకూడదు. ఆ రెండూ తెలియకుండా ఆపితే ప్రమాదమే. కాబట్టి తేదీ పక్కన కారణం రాయాలి. భర్త వలస పోయాడు, భర్త చనిపోయాడు, వాంతులు అయ్యాయి, కిడ్నీ పరీక్ష బాగా రాలేదు, బస్సు చార్జీలు లేవు, అత్తగారు చూశారు. ఈ ఆరు కారణాలకూ ఆరు వేర్వేరు జవాబులు ఉన్నాయి. "రాలేదు" అన్న ఒక్క మాటకు జవాబు లేదు.

ముందస్తు మందు వాడేవారు సాధారణంగా 3 నెలలకోసారి హెచ్.ఐ.వి. పరీక్ష కూడా చేయించుకోవాలి. మందు మానేసి, పరీక్ష లేకుండా, కొన్నాళ్లకు పాత సీసా తీసి మళ్లీ మొదలుపెట్టడం మంచిది కాదు. మధ్యలో జబ్బు సోకి ఉంటే ఆ కొద్దిపాటి మందుకు వైరస్ లొంగకుండా మొండిబారవచ్చు. మళ్లీ మొదలుపెట్టేముందు పరీక్ష. ఇది తప్పనిసరి.

ఎవరు చూస్తారు?

భయంతో అడిగినవారి ప్రశ్న ఇదే. దీనికి దాపరికం లేకుండా జవాబు చెప్పాలి.

2017లో పార్లమెంటు హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం చేసింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అది అమలులో ఉన్నది. ఒకరికి హెచ్.ఐ.వి. ఉన్నదన్న సంగతిని వారి అనుమతి లేకుండా, చట్టం చెప్పిన కొద్ది సందర్భాలలో తప్ప, ఎవరికీ చెప్పకూడదు. వివరాలు దగ్గర పెట్టుకున్న ప్రతి సంస్థా వాటిని కాపాడే ఏర్పాట్లు చేయాలి. ఆసుపత్రి సిబ్బందికి సూది గుచ్చుకుంటే మందు ఇవ్వడం కూడా ఆ చట్టం ప్రకారం యాజమాన్యం బాధ్యత.

రిజిస్టరు బల్ల మీద ఉంటే ఎవరు తిప్పి చూశారో తెలియదు. కంప్యూటరులో ప్రతి సిస్టరుకూ వేరే పాస్‌వర్డు పెడితే, ఎవరు ఏ పేజీ ఎప్పుడు తెరిచారో దానికి గుర్తుంటుంది. అది దాని మంచి గుణం. చెడ్డ గుణం కూడా చెప్పాలి. రిజిస్టరును దొంగిలిస్తే ఒక రిజిస్టరే పోతుంది. కంప్యూటరులో తాళం తప్పితే వేలమంది వివరాలు ఒక్క నిమిషంలో పోతాయి. 2019 జనవరిలో సింగపూరు ప్రభుత్వం ఇలాంటి సంగతే ప్రకటించింది. అక్కడి హెచ్.ఐ.వి. రిజిస్టరులోని 14,200 మంది పేర్లు, వివరాలు బయటికి పొక్కాయి. అంత క్రమశిక్షణ ఉన్న దేశంలోనే జరిగింది. ఒకే పాస్‌వర్డును చీటీ మీద రాసి తెరకు అంటించి, వార్డంతా వాడుకునే అలవాటు ఎక్కడ ఉన్నా వెంటనే మానిపించాలి.

ఫోను చేసే పద్ధతి కూడా ముఖ్యం. మన పల్లెల్లో ఫోను చాలావరకు భర్త దగ్గరో, కొడుకు దగ్గరో ఉంటుంది. అందుకే నంబరు అడిగినప్పుడు "ఈ ఫోను ఎవరి దగ్గర ఉంటుంది? మేము చేయవచ్చా? ఎవరైనా ఎత్తితే ఏమని చెప్పాలి?" అని మూడు మాటలు అడగాలి. ఎత్తినది వేరొకరైతే మందు పేరు గానీ, ఏ విభాగం నుంచి అన్నది గానీ చెప్పకూడదు. కొందరు "ఫోను వద్దమ్మా, నేనే వస్తాను" అంటారు. అది కూడా కంప్యూటరులో రాసి గౌరవించాలి. అనుమతి లేకుండా ఇంటికి మనిషిని పంపకూడదు.

ఇక మన సంఘాలకు ఒక మనవి. ప్రేమతోనే అయినా, ఆదివారం ఆరాధనలో ప్రార్థన విన్నపాలు చదివేటప్పుడు ఒక సహోదరి పేరు, ఆమె ఏ ఆసుపత్రికి ఏ మందుకు వెళ్తున్నదీ చెప్పడం ఆ సహోదరిని ఆసుపత్రికి రాకుండా చేస్తుంది. పాస్టరు గారికి చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. మేము చెప్పము. పాస్టరు గార్లు మమ్మల్ని అడిగినా చెప్పలేము. నొచ్చుకోవద్దని కోరుతున్నాము.

రాబోయే సూది మందు

రోజూ మాత్ర అక్కరలేకుండా 6 నెలలకు ఒకసారి వేయించుకునే లెనకపవిర్ అనే సూది మందు వచ్చింది. దక్షిణాఫ్రికా, ఉగాండాలలో యువతులకు ఇచ్చి చూసిన పరిశోధన ఫలితం 2024లో వెలువడింది. సూది తీసుకున్న 2,134 మందిలో ఒక్కరికి కూడా హెచ్.ఐ.వి. సోకలేదు. 2025 జూన్‌లో అమెరికాలో అనుమతి, జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు వచ్చాయి. తక్కువ ధరకు దీన్ని తయారుచేసే హక్కు పొందిన కంపెనీలలో హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్, హెటిరో ఉన్నాయి. హెటిరో ఫ్యాక్టరీ మన అనకాపల్లి జిల్లా నక్కపల్లిలో కూడా ఉన్న సంగతి మీకు తెలుసు. 2027 నుంచి 120 దేశాలకు మనిషికి ఏడాదికి సుమారు 40 డాలర్ల ధరలో అందించే ఒప్పందాలను 2025 సెప్టెంబరులో ప్రకటించారు.

సూది వస్తే సీసా దాచే బాధ పోతుంది. నర్సు చేత్తోనే పడుతుంది కాబట్టి "మింగారా" అన్న సందేహం ఉండదు. రికార్డులో తేదీయే రుజువు. కానీ ఏడాదికి రెండే తేదీలు. ఒకటి తప్పితే మందు ఒంట్లో నెమ్మదిగా తగ్గుతూ పోతుంది. మాత్ర మరచిపోతే మర్నాడు గుర్తుకొస్తుంది. ఆరు నెలల కిందటి తేదీ ఎవరికి గుర్తుంటుంది? అప్పుడు ఈ జాబితా అవసరం ఇంకా పెరుగుతుంది.

మీరు చేయవలసినవి

వచ్చినప్పుడల్లా పాత చీటీ, ఆసుపత్రి నంబరు తీసుకురండి. చీటీ పోతే పోయిందని చెప్పండి, కొత్త పేరుతో కొత్త చీటీ రాయించుకోవద్దు. ఫోను నంబరు మారితే చెప్పండి. పెళ్లయి ఇంటిపేరు మారినా, బాప్తిస్మములో పేరు మారినా రెండు పేర్లూ చెప్పండి. మిగిలిన మాత్రలను పారేయకుండా సీసాతో సహా తీసుకురండి, ఎవరూ కోప్పడరు. మీ వివరాలు తెర మీద చూపించమని అడిగే హక్కు మీకున్నది. తప్పు ఉంటే అక్కడే దిద్దించుకోండి. పేరు చెప్పకుండా సలహా అడగాలనుకునేవారు నాకో వారి ఉచిత ఫోను నంబరు 1097కు చేయవచ్చు.

చెరకు నరికే రోజుల్లో, సంక్రాంతికి, ఇటుక బట్టీలకో భవనాల పనికో వలస వెళ్లేటప్పుడు తేదీలు తప్పడం ఎక్కువ. బయలుదేరాక ఫోను చేయడం కంటే, వెళ్లే ముందు వారం ఒకసారి మందు ఇచ్చే చోట చెప్పండి. తేదీని ముందుకు జరపవచ్చు. వెళ్లే ఊరికి దగ్గరలోని కేంద్రానికి బదిలీ కాగితం కూడా రాయించుకోవచ్చు.